ధూపీఖర్కలో ఆరో టక్కు

రండి, ఇంకా దగ్గరకు జరగండి. ఆ తలుపు పక్కన కూచుంటే ఇవాళ్టి చలికి చెవులు ఊడి చేతిలో పడతాయి. ఛిమీ, నువ్వు పొయ్యి దగ్గరే ఉండి ఆ దుంపలు మాడకుండా చూడు. మిగతావాళ్ళు గొంగళి మీదకు రండి. కాళ్ళు ముడుచుకుంటే ఇంకో ఇద్దరికి చోటవుతుంది.

చెబుతాను గానీ, ఒక షరతు. కథ అయ్యేదాకా ఎవరూ ‘టక్’మని చప్పుడు చెయ్యకూడదు. నవ్వకండి. ఎందుకన్నానో మీకే తెలుస్తుంది.

మన ఊరి పైన ధూపీఖర్క ఉంది కదా, హెలికాప్టర్ దిగే చదును. దానికి ఇవతల, రాళ్ళ గోడ పక్కన, విరిగిన పాత హెలికాప్టర్ తోక ఒకటి పడి ఉంటుంది. పగలైతే మీరు దాని మీదెక్కి గుర్రం ఆట ఆడతారు, నేను చూడలేదనుకుంటారు. పొద్దు గుంకాక మాత్రం అటు చమరీలు తప్పిపోయినా మీ నాన్నలు వెతకడానికి వెళ్ళరు.

ఎందుకంటే చీకటి పడ్డాక అక్కడ చప్పుడు వినిపిస్తుంది. టక్... కాస్త ఆగి, టక్... ఎవరో పానాతో నట్లు బిగిస్తున్నట్టు. ఐదుసార్లు. ఆ తర్వాత ఏమీ ఉండదు.

అది లెక్క మేస్త్రి అంటారు. ఆ హెలికాప్టర్ కూలినప్పుడు అందులో పోయిన మెకానిక్. తోక ఇక్కడ పడింది, తక్కినదంతా కింద నదిలో పడింది. చచ్చినా పని వదల్లేదట, రోజూ వచ్చి నట్లు బిగించుకుంటాడట. ఐదు దొరికాయి. ఆరోది దొరకలేదు. ఆరో టక్కు గనక వినపడిందా — మర్నాడు ఈ కొండ మీంచి ఎగిరినది ఏదైనా సరే, కూలుతుంది. అదీ ఊరి మాట.

ఈ మాట హర్కధోజ్ రాయ్‌కీ తెలుసు. మీకంటే ఎక్కువే తెలుసు.

హర్కధోజ్‌ది కింద ధరాన్ పట్నం. హెలికాప్టర్ మెకానిక్కు. యాభై ఒకటో ఏడు. అందులో ముప్పై ఏళ్ళు ఇంజన్ల పొట్టల్లో తల దూర్చి గడిపినవాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, కుడి భుజం పైకి లేవదు. నిద్ర సరిగ్గా పట్టదు. రెండేళ్ళ కిందట, మాఘంలో, ఒక పిల్లను దింపుకుపోవడానికి వచ్చిన హెలికాప్టర్లో పైలట్ పక్కన కూచుని ఇక్కడికి వచ్చాడు.

ఆ పిల్ల మీరెరిగినదే. పేరు చివర్లో చెబుతాను. కడుపులో కుడి పక్క నొప్పి, జ్వరం, వాంతులు. ఆరోగ్య కేంద్రం నర్సు చూసి, ఆలస్యమైతే కడుపులో పగులుతుంది, ఆపరేషన్ చెయ్యాల్సిందే అంది. హెలికాప్టర్ వచ్చి దిగింది. దిగిందో లేదో, లోయలోంచి మంచు పొగలా లేచి కమ్మేసింది. ఇక కదిలితే ఒట్టు. మూడు రోజులు... సూర్యుడు ఉన్నాడో చచ్చాడో తెలియని మూడు రోజులు. మధ్యాహ్నం కూడా లాంతరు పెట్టుకుని వంట చేశారు.

పైగా ఇంకో చిక్కు. దిగేటప్పుడు ఇంజనులో ఆయిల్ కొలత చూపే ముల్లు వణికింది. హర్కధోజ్ రెండు రోజులు వెతికితే కారణం దొరికింది. ఇంజనుకు ఆయిల్ తెచ్చే గొట్టం మూత కింద వాషర్ చిట్లింది. మూడో రోజు మధ్యాహ్నం, ‘రేపు తెల్లారేసరికి మంచు విడుతుంది’ అని కింద నుంచి కబురొచ్చింది. వాషర్ మార్చి మూత పెట్టేశాడు. ఆ మూతకు ఆరు నట్లు.

ఇప్పుడు కాస్త శ్రద్ధగా వినండి. ఆ పని వాళ్ళు ఎలా చేస్తారో తెలియకపోతే కథ అందదు.

ఆ నట్లను చేతిబలంతో ఊరికే తిప్పెయ్యరు. బిగింపు కొలిచే పానా ఒకటి ఉంటుంది. నట్టు సరిగ్గా ఎంత బిగియాలో అంత బిగియగానే అదే ‘టక్’మంటుంది. టక్ అన్నాక నట్టు మీంచి పక్కనున్న లోహం మీదకు ఎర్ర రంగుతో సన్నటి గీత గీస్తారు. నట్టు ఎప్పుడైనా వదులై తిరిగితే గీత రెండుగా విరిగి కనిపిస్తుంది. ఒక నట్టు, ఒక టక్కు, ఒక గీత. ఆ తర్వాతే రెండో నట్టు. అదీ పద్ధతి.

కానీ మన కొండ మీద చలికి ఆ రంగు పెన్ను గడ్డ కడుతుంది. అందుకని మెకానిక్కులు దాన్ని చంకలో పెట్టుకుంటారు. బయటికి తీశాక నాలుగు ఊపిర్లసేపే రంగు కారుతుంది. నట్టు నట్టుకూ తీస్తూ పెడుతూ ఉంటే పని సాగదు. కాబట్టి ఇక్కడ అందరూ ఏం చేస్తారంటే — ముందు ఆరు నట్లూ బిగిస్తారు. చివర్లో పెన్ను తీసి ఆరు గీతలూ ఒక్క ఊపున గీసేస్తారు. చలి నేర్పిన తెలివి అది. ఎవరూ తప్పనుకోలేదు.

ఆ మధ్యాహ్నం హర్కధోజ్ కూడా అలాగే చేశాడు. బిగిస్తూ ఉండగా పైలట్ కెప్టెన్ ఉద్ధవ్ కింద నుంచి కేకేశాడు.

“హర్కే దాజూ! పడమట కాస్త తెరిపిచ్చింది, చూడు! ఇప్పుడే పోదామా?”

హర్కధోజ్ నిచ్చెన దిగాడు. ఇద్దరూ చదును అంచున నిలబడి అరగంటసేపు ఆ తెరిపి వంక చూశారు. అది మూసుకుపోయింది. మళ్ళీ నిచ్చెనెక్కాడు. వేళ్ళు కొయ్యముక్కల్లా ఉన్నాయి. చంకలోంచి పెన్ను తీశాడు. గీత, గీత, గీత — ఆరు గీతలు. రేకు మూసి పుస్తకంలో సంతకం పెట్టాడు. రెండో మనిషి కూడా చూసి సంతకం పెట్టాలని నియమం. ఇక్కడ రెండో మనిషి పైలటే. కెప్టెన్ టార్చి వేసి చూశాడు. ఆరు ఎర్ర గీతలు కనిపించాయి. సంతకం పెట్టాడు.

పొద్దు గుంకింది. అందరూ కిందకు, యాంగ్జీ దీదీ వంటింట్లోకి చేరారు.

యాంగ్జీ దీదీ నోరు మీకు తెలుసు కదా. అప్పుడూ అదే నోరు.

“ఏం మేస్త్రీ, కంచంలో అన్నాన్ని కూడా పానాతో బిగిస్తున్నావా? పావుగంటైంది, ఒక్క ముద్ద లేవలేదు.”

“భుజం లేవడం లేదు దీదీ.”

“భుజం లేవకపోతే తల వంచు. మా చమరీలు అలాగే తింటాయి.”

కెప్టెన్ పకపకా నవ్వాడు. పొయ్యి పక్క బల్ల మీద పిల్ల పడుకుని ఉంది. తండ్రి తెంబా దాని అరికాళ్ళు రుద్దుతున్నాడు. మూడు రోజులుగా అతను కన్ను మూయలేదు.

“రేపు ఎగురుతుందా దాజూ?” అన్నాడు తెంబా నెమ్మదిగా.

“ఎగురుతుంది.”

పిల్ల కళ్ళు తెరిచింది. “మామా... అది పడిపోతుందా?”

“పడదు. మామ ఆరు నట్లూ గట్టిగా బిగించాడు.”

“లెక్కపెట్టావా?”

హర్కధోజ్ చేతిలోని ముద్ద కంచంలోకి జారింది.

లెక్కపెట్టాడా? ఒకటి, టక్. రెండు, టక్. మూడు... నాలుగు... ఐదు, టక్. అప్పుడు కెప్టెన్ కేక. ఆ కేకకు ముందు ఆరోది బిగించాడా? లేక తిరిగి వచ్చాకనా? తిరిగి వచ్చాక పానా చేతిలోకి తీసుకున్నట్టు గుర్తు లేదు. పెన్ను తీసిన గుర్తుంది. చంకలోంచి బయటకు రాగానే దాని వెచ్చదనం వేళ్ళకు తగిలిన గుర్తుంది. పానా...?

గుర్తు లేదు.

మీకు ఇలా ఎప్పుడైనా అయిందా? తలుపు గడియ వేసి దారిలోకి వచ్చాక, వేశానా లేదా అని? మనకైతే వెనక్కి వెళ్ళి చూసుకుంటే సరిపోతుంది. హర్కధోజ్‌కు ఆ ప్రశ్న కొత్తది కాదు. పదకొండేళ్ళుగా అదే ప్రశ్న అతనితోపాటు పడుకుని, అతనితోపాటు లేస్తోంది.

ఎందుకంటే — ఆ పాత హెలికాప్టర్‌కు కూలే ముందురోజు, ఈ చదును మీదే, నట్లు బిగించినది అతనే.

అప్పుడూ ఇలాంటి మూతే, ఆరు నట్లే. మధ్యలో ఎవరో అన్నానికి పిలిచారు. వెళ్ళాడు, తిన్నాడు, వచ్చాడు. పెన్ను తీసి ఆరు గీతలు గీశాడు. అతని పైవాడు బఖత్‌మాన్ అనే పెద్ద మెకానిక్. పని నేర్పినవాడు, సొంత అన్నలా దాజూ అని పిలిపించుకున్నవాడు. బఖత్‌మాన్ వచ్చి గీతలు చూసి రెండో సంతకం పెట్టాడు. చివరి సంతకం పెట్టినవాడు మొదటి ప్రయాణంలో కూచోవాలని వాళ్ళలో వాళ్ళకు ఒక కట్టుబాటు. తన పనిని తాను నమ్మాడనడానికి గుర్తు. బఖత్‌మాన్ ఎక్కి కూచున్నాడు. హర్కధోజ్ కింద నిలబడి చెయ్యి ఊపాడు. చదును దాటి లోయ మీదకు వెళ్ళగానే ఇంజను చప్పుడు ఆగిపోయింది. అంతే. ఆ నిశ్శబ్దం అతనికి ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

విచారణ చేసినవాళ్ళు ‘ఇంజను ఆగిపోవడం వల్ల’ అని రాశారు. ఎందుకు ఆగిందో రాయలేదు. ఇంజను సగం నది పాలైంది. ఎవరూ హర్కధోజ్‌ను గుచ్చి గుచ్చి అడగలేదు. అతనూ చెప్పలేదు. చెప్పడానికి తనకైనా తెలిస్తే కదా... ఆరోది బిగించాడో లేదో.

“అన్నం చల్లారిపోతోంది,” అంది యాంగ్జీ దీదీ.

“ఆకలి లేదు దీదీ.”

వెనక గదిలో పక్క మీదకు చేరి దుప్పటి కప్పుకున్నాడు. గీత ఉంది కదా అనుకున్నాడు. కెప్టెన్ చూశాడు కదా. గీత ఉందంటే బిగించినట్టే కదా. మోకాళ్ళు సలుపుతున్నాయి. పైకి ఎక్కాలంటే రెండు వందల మెట్లు, మంచులో, ఆ తోక పక్కనుంచి. పొద్దున్నే లేచి చూడొచ్చు కదా. తెల్లారగానే ఎగరాలంటారు, అప్పుడు టైముండదు... గీత ఉంది కదా.

పొయ్యి దగ్గర పిల్ల మూలిగింది.

అతను లేచాడు. చెప్పులోళ్ళకు, దర్జీలకు, బళ్ళో పాఠం చెప్పుకునే నాలాంటివాళ్ళకు ఒక తప్పు జరిగితే మళ్ళీ దిద్దుకోవచ్చు. అతని పని అలాంటిది కాదు. పానా కోటు జేబులో పెట్టుకున్నాడు, పెన్ను చంకలో పెట్టుకున్నాడు, టార్చి పట్టుకుని ఎవరి కంటా పడకుండా బయటకు వచ్చాడు.

మంచు. టార్చి వెలుగు మూరెడు దూరం కూడా పోవడం లేదు. మెట్టు, మెట్టు, మెట్టు. ఎవరో వెనక నుంచి కోటు పట్టుకుని లాగుతున్నంత బరువు — ఏమీ లేదు, తన అలసటే. తొంభై... నూట ఇరవై... ఊపిరి కోసం ఆగాడు.

రాళ్ళ గోడ వచ్చింది. గోడ పక్కన, మంచులో నల్లగా, తోక.

తల తిప్పుకుని దాటిపోదామనుకున్నాడు.

టక్.

కాలు అక్కడే ఆగిపోయింది.

టక్... 

అతనికి ఆ చప్పుడు తెలుసు. ముప్పై ఏళ్ళుగా చెవి పక్కన విన్న చప్పుడు. కొమ్మ విరిగినది కాదు, రాయి జారినది కాదు.

టక్...

టార్చి పైకెత్తాడు.  మంచు తప్ప ఏమీ లేదు.

టక్... 

“ఎవరూ?” అన్నాడు. 

టక్.

ఐదు.

అతను నిలబడిపోయాడు. పారిపోవాలనిపించలేదట — తర్వాత తనే చెప్పాడు. భయపడటానికి కూడా ఓపిక ఉండాలి, నాకు అప్పుడు అది కూడా లేదు, అన్నాడు. అతను చేసిందల్లా ఆరోదాని కోసం ఎదురుచూడటం. పదకొండేళ్ళుగా ఎదురుచూసినట్టే. ఊపిరి బిగబట్టాడు. 

రాలేదు.

“బఖత్ దాజూ,” అన్నాడు గుసగుసగా. “నేనే. హర్కేని.”

ఏమీ లేదు. చెయ్యి చాపి తోకను తాకాడు. తాకిన వేళ్ళు అంటుకుపోయాయి. అంత మంచు గడ్డ. వేళ్ళు పీక్కుని, వెనక్కి చూడకుండా పైకి నడిచాడు.

చదును మీద హెలికాప్టర్ దుప్పటి కప్పుకున్న ఎద్దులా నిలబడి ఉంది. నిచ్చెన వేసి రేకు తెరిచాడు. టార్చి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆరు ఎర్ర గీతలు. ఒక్కటీ విరగలేదు. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంది.

మొదటి నట్టుకు పానా తగిలించాడు. కదలకుండానే — టక్. బిగించే ఉంది.

రెండోది. టక్.

మూడు... నాలుగు...

ఐదోది. టక్.

ఆరో నట్టుకు పానా తగిలించాడు. లాగాడు.

నట్టు తిరిగింది.

మెత్తగా, వెన్నలో వేలు తిరిగినట్టు. ఎర్ర గీత రెండుగా విరిగింది. పావు వంతు... సగం... ఇంకా తిరుగుతోంది. తిరిగి, తిరిగి, చివరికి —

టక్.

హర్కధోజ్ నుదురు ఆ చల్లటి ఇంజను రేకుకు ఆనించి అలా ఎంతసేపు ఉన్నాడో అతనికే తెలియదు. ఇవాళ్టి ప్రశ్నకు జవాబు దొరికింది. దానితోపాటే పదకొండేళ్ళ నాటి ప్రశ్నకూ దొరికింది. అదే చలి, అదే పెన్ను, అదే మనిషి. ఇక తెలియదని చెప్పుకోవడానికి లేదు.

పాత గీత తుడిచేశాడు. పెన్ను తీసి కొత్త గీత గీశాడు. ఒక్కటే.

కిందకు దిగి వచ్చేసరికి వంటింటి దీపం ఆరిపోయి ఉంది. తలుపు తోస్తే రాలేదు, లోపల గడియ పడింది.

“దీదీ,” అని పిలిచాడు. “దీదీ, నేనే.”

లోపల ఏదో కదిలింది. ఎవరో ఎవరి నోరో మూసినట్టు వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పడుకున్నారేమో, లేపడం ఎందుకనుకున్నాడు. పక్కనే గడ్డివాము ఉంటే అందులో దూరాడు. చాలా ఏళ్ళ తర్వాత, ఆ గడ్డిలో, అతనికి నిద్ర పట్టింది.

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. కొండ శిఖరం మీద గులాబీ రంగు. కెప్టెన్ ఉద్ధవ్ అప్పటికే పైకి వెళ్ళి అద్దాలు తుడుస్తున్నాడు. హర్కధోజ్ గడ్డి దులుపుకుంటూ వచ్చేసరికి ఆవరణలో తెంబా, పిల్లను గొంగళిలో చుట్టి గుండెకు హత్తుకుని కూచుని ఉన్నాడు. యాంగ్జీ దీదీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“పద తెంబా, వేళయింది.”

“మేము రాము.”

“ఏమిటి?”

“రాము దాజూ. రాత్రి విన్నాం.” తెంబా గొంగళిని ఇంకా దగ్గరకు లాక్కున్నాడు. “ముందు ఐదు. ఎప్పుడూ వినేవే. కాసేపయ్యాక మళ్ళీ మొదలైంది. ఈసారి నేనూ దీదీ లెక్కపెట్టాం. ఆరు.”

“ఆపైన వచ్చి తలుపు కూడా తోసింది,” అంది యాంగ్జీ దీదీ. “దీదీ, దీదీ అని పిలిచింది. అచ్చం నీ గొంతే పెట్టుకుని. నేను పలికానా? పలకలేదు.”

“దీదీ, అది నేనే.”

“గడ్డి పెట్టుకున్న ఆ తలతో నువ్వేం చెప్పినా నేను నమ్మను.”

“మోసుకుని నడిచే దిగుతాను,” అన్నాడు తెంబా. “నాలుగు రోజులైనా సరే.”

పిల్ల ముఖం బూడిద రంగులో ఉంది. నాలుగు రోజులు కాదు, ఇక నాలుగు పూటలు కూడా ఆగదని ముందురోజు నర్సు చెప్పిన సంగతి అందరికీ తెలుసు. కెప్టెన్ పైనుంచి దిగి వచ్చాడు. “ఏమైంది? ఎండ ముదిరితే గాలి లేస్తుంది, త్వరగా!”

హర్కధోజ్ రాతి అరుగు మీద కూలబడ్డాడు. ఒక్క అబద్ధం చాలు. ‘రాత్రి ఊరికే పానా పరీక్షించుకున్నాను’ అంటే చాలు. కానీ మూడు రోజులు నిద్ర లేని ఆ తండ్రి కళ్ళు అబద్ధాన్ని పట్టుకోవడానికే తెరుచుకుని ఉన్నాయి.

“ఆ ఆరు నావి తెంబా,” అన్నాడు. “నేనే బిగించాను. ఆరోది నిన్న మధ్యాహ్నం నేను బిగించలేదు. మరిచిపోయాను. మరిచిపోయి గీత గీశాను. రాత్రి వెళ్ళి చూస్తే వదులుగా ఉంది. ఆ చప్పుడే మీరు విన్నారు.”

 “నేను దాని మీద సంతకం పెట్టాను,” అన్నాడు కెప్టెన్.

“మీరు గీత చూశారు సాబ్. నట్టు చూడలేదు. బఖత్ దాజూ కూడా గీతే చూశాడు.” అతను పైన ఉన్న తోక వైపు చెయ్యి చూపించాడు. “దాన్ని కూల్చిందీ నేనే. పదకొండేళ్ళ నుంచి మీరు ఆయన్ని దెయ్యమంటున్నారు. ఆయన ఏ నట్టూ మరిచిపోలేదు. మరిచిపోయింది నేను.”

 యాంగ్జీ దీదీ గుమ్మం వదిలి వచ్చి అతని తలలోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

తెంబా అతని ముఖంలోకి చూశాడు. “నువ్వు ఎక్కుతావా?”

“ఎక్కుతాను. సంతకం నాది.”

“నట్టు బిగించానని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు దాజూ,” అన్నాడు తెంబా పిల్లను భుజాన వేసుకుంటూ. “బిగించలేదని చెప్పినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. పద.”

ఎగిరింది. లోయ మీదకు వెళ్ళింది. కింద నిలబడ్డ ఊరంతా ఆ చప్పుడు వింటూనే ఉంది. ఆగలేదు. మలుపు తిరిగి, సన్నబడి, దోమ రొదలా అయ్యేదాకా ఆగలేదు.

హర్కధోజ్ కిందకు దిగిన రోజే ఉన్నదంతా కాగితం మీద రాసి ఇచ్చాడు. లైసెన్సు పోయింది. బఖత్‌మాన్ భార్యను వెతుక్కుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆమె అంతా విని లోపలికి వెళ్ళి లోటాతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చిందట. “చాలా ఆలస్యం చేశావు భాయ్,” అందట. అంతే. ఇప్పుడు ధరాన్‌లో కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. ఇప్పుడు మన చదును మీద దిగే మెకానిక్కులు ఒక్కో నట్టుకూ ఒక్కో గీత గీస్తున్నారు, చంకలోంచి పెన్ను తీస్తూ పెడుతూ, చలిని తిట్టుకుంటూ. కాస్త ఆలస్యమవుతుంది. అవనీ.

మరి ఆ ఐదు టక్కుల మాటేమిటంటారా? అందులో దెయ్యమేమీ లేదు. మొన్న తరగతిలో చెప్పాను, గుర్తుందా? లోహం ఎండకు వేడెక్కి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. పగలంతా ఎండలో కాగిన ఆ తోక, పొద్దు గుంకగానే చల్లారుతూ టక్ టక్‌మంటుంది. నేనే వెళ్ళి చెవి పెట్టి విన్నాను. ఒకరోజు మూడుసార్లు, ఒకరోజు తొమ్మిదిసార్లు. ఐదు వినాలని వెళ్ళినవాడికి ఐదే వినిపిస్తాయి. హర్కధోజ్‌కు కూడా అదే చెప్పాను. అతను ఊరికే తలూపాడు. కాబట్టి తెలియనిదాన్ని చూసి తలుపు గడియ పెట్టుకోకూడదు, వెళ్ళి చూడాలి. మన తప్పైనా సరే, ముఖ్యంగా మన తప్పైతే. అదీ కథ.

ఆ పిల్ల ఎవరా? ఇదిగో, పొయ్యి పక్కన కూచుని నా దుంపలు మాడ్చేస్తోందే, ఈ ఛిమీనే. కడుపు మీద జానెడు మచ్చ ఉంది, అడిగితే గొప్పగా చూపిస్తుంది. ఏం ఛిమీ, ఏమిటలా చూస్తున్నావు? అడుగు.

“మాస్టారూ... ఆ మూడు రోజులూ నేను కిటికీ వైపే చూస్తూ పడుకున్నాను.”

“ఊఁ.”

“ఎండే రాలేదు కదా మాస్టారూ. మూడు రోజులూ రాలేదు. మరి ఆ తోక... దేనికి కాగింది?”

...

...దుంపలు దించెయ్, ఛిమీ. మాడిపోయాయి.

పొద్దుపోయింది. మీ ఇళ్ళల్లో సూప్ చల్లారిపోతూ ఉంటుంది, మీ అమ్మలు నన్ను తిడుతూ ఉంటారు. లేవండి, వెళ్ళి కడుపునిండా తినండి. చేతులు పట్టుకుని గుంపుగా వెళ్ళండి. మెట్ల దారిన కాదు... కింది దారిన వెళ్ళండి.